పిట్టకి దొంగ పిలుపులా?

తొలకరి పడగానే మన ఐటీ జనాల కెమెరాలన్నీ వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవి దారి పడతాయి. పొన్నంకి పిట్ట కోసం. ఒంటిమీద తొమ్మిది రంగులుంటాయని హిందీలో నవరంగ్ అంటారు దీన్ని. పొదల కింద, రాలిన ఆకుల్లో పురుగులు ఏరుకుంటూ తిరుగుతుంది, ఓ పట్టాన కంటబడదు. కెమెరా పిచ్చి నాకూ ఉంది, ఫొటోల మీద నాకే పేచీ లేదు. పేచీ అంతా ఆ బ్లూటూత్ స్పీకర్ మీదే.

స్పీకర్లో దాని కూత వినిపిస్తే పిట్ట బయటికొస్తుంది. "ఎంత బాగా పోజిచ్చిందో!" అని మనవాళ్ళ మురిపెం. పోజూ లేదు, పాడూ లేదు. తన హద్దులోకి ఇంకో పిట్ట చొరబడిందని కంగారుపడి, మేత మానేసి తగువుకొచ్చింది. అర్ధరాత్రి 'సర్వర్ డౌన్' అని దొంగ అలర్ట్ కొట్టి మిమ్మల్ని లేపితే ఎలా ఉంటుంది? అదీ రోజుకి పదిసార్లు?

"ఒక్కసారికి ఏమౌతుందండీ?" అంటారు. మీకు ఒక్కసారే. మీ వెనకొచ్చే ప్రతివాడికీ ఒక్కసారే. పిట్ట మాత్రం ఒక్కటే! పైగా వానాకాలమే అది గుడ్లు పెట్టే కాలం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అన్న మాటకిచ్చిన అర్థంలో అడవి పక్షుల గూళ్ళ జోలికెళ్ళి అలజడి చెయ్యడం కూడా ఉంది. తుపాకీయే అక్కర్లేదు మహాప్రభో!

తెల్లారగట్లా, పొద్దుగూకే ముందూ అదే ఈల వేస్తుంది. ఆ వేళకెళ్ళి కదలకుండా కూర్చోండి. దొరికితే సంతోషం, లేకపోతే అడవిలో ఓ పూట గడిపినట్టు. నా మటుకు నాకు స్పీకరు పెట్టి తీసిన ఫొటో, కాపీ కొట్టి తెచ్చుకున్న ర్యాంకూ ఒకటే.