కాలు సాగదీశాక కోలుకునేదెక్కడ?
హైదరాబాద్‌లో ఓ యువకుడికి ఎత్తు పెంచే శస్త్రచికిత్స చేసిన వైద్యుడిని 2016లో తెలంగాణ వైద్య మండలి సస్పెండ్ చేయడం సబబే. కానీ ఈ చికిత్సలో అసలు కష్టమంతా ఆపరేషన్ తర్వాతే. కోసిన ఎముకను, దానికి పిన్నులతో బిగించిన చట్రం మరలు తిప్పుతూ రోజుకు 1 మిల్లీమీటరు సాగదీయాలి. సాగిన ప్రతి సెంటీమీటరూ గట్టిపడడానికి నెలకు పైనే పడుతుంది. అన్నాళ్లూ పిన్నుల చుట్టూ చీము పట్టకుండా శుభ్రం చేయాలి, మోకాలు, చీలమండ బిగుసుకోకుండా ఫిజియోథెరపీ చేయించాలి. మేజరైన వ్యక్తి ఇష్టాన్ని కాదనడమెలా అనవచ్చు. కానీ ఇదంతా తెలియకుండా పెట్టే సంతకం సమ్మతి కాదు. పోలియో, ప్రమాదాలతో కాలు పొట్టిదైనవారికి మాత్రం ఇది అవసరమైన వైద్యమే. కానీ కడప జిల్లా మైలవరంలోని అలాంటి రోగి ప్రతి పరీక్షకూ నగరానికి పరుగెత్తలేడు; ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలోనే ఆ సంరక్షణ పూర్తిగా అందేలా ప్రభుత్వం చూడాలి.