కవాటం మార్చాక…

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని గుండె ఆపరేషన్ పేదింటి గడప దాకా వచ్చింది. ఆ తరవాతి బతుకు మాటేమిటన్నదే ఈ సంచిక.

గుండెలో లోహపు కవాటం పెట్టించుకున్నవారు రక్తం గడ్డకట్టనీయని ఎసిట్రామో వార్ఫరినో జీవితాంతం వేసుకోవాల్సిందే. మోతాదు కుదిరిందో లేదో ఐఎన్‌ఆర్ పరీక్ష చెబుతుంది. మైట్రల్ కవాటమైతే అది సాధారణంగా 2.5, 3.5 మధ్య ఉండాలి. తగ్గితే కవాటం మీద రక్తం గడ్డకడుతుంది, పెరిగితే రక్తస్రావం. ఆకుకూరలు బొత్తిగా మానేయమని ఇరుగుపొరుగు చెబుతారు. అక్కర్లేదు. పాలకూర, తోటకూర ఎప్పుడూ ఇంచుమించు ఒకే పాళ్లలో తింటే చాలు. అసలు చిక్కు మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్‌తో! క్షయకిచ్చే రిఫాంపిసిన్ ఎసిట్రామ్, వార్ఫరిన్‌ల పనిని తగ్గించేస్తుంది, తామరకిచ్చే ఫ్లూకోనజోల్ పెంచేస్తుంది. షుగరుకొకరు, కిడ్నీకొకరు, గుండెకొకరు చొప్పున డాక్టర్లున్న మనిషికి ఆ మందుల చీటీలన్నీ ఒకచోట పెట్టి చూసేవారే ఉండరు.

అందుకే నా ఓటు ఊరికి దగ్గరున్న ఫిజీషియన్‌కే. నిమ్స్‌కో స్విమ్స్‌కో ఎకో పరీక్షకు వెళ్లిరండి. నెలనెలా ఐఎన్‌ఆర్ చూసి మాత్ర సరిచేయడానికి మాత్రం పిలిస్తే పలికే డాక్టరు కావాలి. పేరున్న డాక్టరు కోసం పడిగాపులు కాసేవాళ్లకు ఇది రుచించకపోవచ్చు.

పన్ను పీకించుకోవాల్సి వస్తే ముందుగానే కవాటం సంగతి చెప్పండి. ఎవరో చెప్పారని మాత్ర మీ అంతట మీరు ఆపకండి.

— సంపాదకుడు