ఆ జవాబు పత్రం పిల్లలదే

పదో తరగతి తప్పిన పిల్లవాడు మూడు సబ్జెక్టుల దాకా మళ్లీ రాయడానికి కట్టవలసిన ఫీజు 110 రూపాయలు. అందులో ఒక్క సబ్జెక్టు పేపరును మళ్లీ పరిశీలించి నకలు పంపమని అడగాలంటే 1000 రూపాయలు. మార్కులు మరోసారి కూడి చూడమనడానికే 500. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లెక్క ఇదే. ఎందుకు తప్పావని అడక్కు, మళ్లీ రాసెయ్ అని పదిహేనేళ్ల పిల్లలకు ఈ ఫీజులే చెబుతున్నాయి. కూలి డబ్బుతో నడిచే ఇంట్లో ఈ రెండింటిలో దేనికి ఒప్పుకుంటారో వేరే చెప్పాలా?

2025 మార్చి పరీక్షల సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో రెగ్యులర్‌గా 6 లక్షల 14 వేల మంది రాశారు. 81.14 శాతం గట్టెక్కారు. లక్షా 15 వేల మందికి పైగా తప్పారు. సైన్సు రెండు పేపర్లు కలుపుకుని మనిషికి ఏడు చొప్పున వేసుకుంటే దిద్దవలసిన జవాబు పత్రాలు 43 లక్షలు. వీటిలో రీకౌంటింగుకో రీవెరిఫికేషనుకో దరఖాస్తు వచ్చినవి సుమారు 66 వేలు. అంటే నూటికి రెండు కూడా కావు. ఆ 66 వేలల్లో 11 వేలకు పైగా పేపర్లలో మార్కులు మారాయి. సోషల్‌లో 23 మార్కులతో ఫెయిలైందన్న అమ్మాయికి మళ్లీ చూస్తే 96 వచ్చాయి. దిద్దినవాళ్లలో కొందరిని సస్పెండ్ చేశారు.

అడిగిన ప్రతి ఆరు పేపర్లలో ఒకటి మారిందని మొత్తం 43 లక్షలకూ అదే నిష్పత్తి కట్టడం న్యాయం కాదు. అనుమానం గట్టిగా ఉన్నవాళ్లే అడుగుతారు కాబట్టి తప్పులు వాళ్ల దగ్గరే ఎక్కువ దొరుకుతాయి. కానీ అనుమానం ఉన్నా అడగలేనివాళ్ల మాటేమిటి? తొంభై వస్తాయనుకుంటే ఎనభై ఒకటి వచ్చిన పిల్లల ఇంట్లో వెయ్యి రూపాయలూ ఉంటాయి, అడిగే ధైర్యమూ ఉంటుంది. ముప్పై ఒకటి వచ్చిన పిల్లవాడు తనకు అంతే వచ్చి ఉంటాయని నమ్మేస్తాడు. బడీ ఇల్లూ కలిసి అతనికి అదే నేర్పి పెట్టాయి. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఈ నమ్మకమే.

స్పాట్ వాల్యుయేషన్ ఎలా జరుగుతుందో మాస్టార్లకు తెలుసు, తల్లిదండ్రులకు పెద్దగా తెలియదు. పరీక్ష అయిపోగానే జవాబు పత్రాలు వేరే జిల్లాలకు వెళ్లిపోతాయి. ఎవరి పేపరో తెలియకుండా కోడ్ వేస్తారు. ఏప్రిల్ ఎండల్లో ఏదో ఒక పెద్ద బడిలో క్యాంపు పెడతారు. ఒక్కో అసిస్టెంట్ ఎగ్జామినర్ రోజుకు నలభై పేపర్లు దిద్దాలి. దిద్దినవాటిలో కొన్నింటిని చీఫ్ ఎగ్జామినర్ మళ్లీ చూస్తారు. స్పెషల్ అసిస్టెంట్లు మార్కులు కూడతారు. పేరు దాచడం, కోడ్ వేయడం, రెండో కన్ను పడేలా చూడడం మంచి ఏర్పాట్లే. పక్షపాతాన్ని అవి బాగా అడ్డుకున్నాయి. అలసటను మాత్రం అడ్డుకోలేవు. ముప్పై అయిదో పేపరు దగ్గర ఒక పేజీ తిప్పకుండా వదిలేయడానికి దుర్మార్గులే కానక్కర్లేదు, మామూలు మనుషులైతే చాలు. ఒక్కో పేపరుకు దక్కేది పది నిమిషాలు. అంతా కలిసి వారం పది రోజుల్లో ముగించాలి. ఫలితాలు ఎంత తొందరగా ఇస్తే అంత గొప్ప అని ప్రభుత్వాలు పోటీ పడుతున్నాయి. ఆ తొందరకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో ఫలితాల రోజు ప్రెస్‌మీట్లలో ఎవరూ అడగరు.

అందుకే సస్పెన్షన్లతో ఈ తప్పు తొలగిపోతుందని నేననుకోను. రోజుకు నలభై అన్న లెక్కను తగ్గించకుండా మాస్టార్లను శిక్షిస్తే వచ్చే ఏడాది స్పాట్ డ్యూటీ తప్పించుకోవడానికి మెడికల్ సర్టిఫికెట్లు పెరుగుతాయి, అంతే.

ఈ పరీక్ష అంత ముఖ్యమా, ఇంటర్లో చేరాక ఎవరు అడుగుతారు అనే మాట పట్నాల్లో తరచూ వింటాం. కార్పొరేట్ కాలేజీలో సీటు ముందే మాట్లాడుకున్న ఇంట్లో ఆ మాట నిజం కావచ్చు. తక్కిన ఇళ్లలో పదో తరగతి మెమో అంటే పుట్టిన తేదీకి సాక్ష్యం. గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి వేరే రాతపరీక్ష లేదు, పదో తరగతి మార్కులే మెరిట్. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల్లో సీటుకూ అవే ఆధారం. అక్కడ ఒక్క మార్కు తేడాతో ఆరేళ్ల చదువు చేతికి అందుతుంది, లేదా జారిపోతుంది. పది పాసైనవాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర ఉండదు. తప్పినవాడు గల్ఫ్‌కు కూలికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తెచ్చుకోవాలి. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు ఏ ఊళ్లో అడిగినా ఆ ముద్ర విలువ ఎంతో చెబుతారు. 35 మార్కుల గీతకు అటు ఉన్నామా ఇటు ఉన్నామా అన్నది ఇన్నిటిని తేలుస్తుంది. అలాంటి గీతను ఒక్క మనిషి పది నిమిషాల్లో గీసేస్తే, ఆ గీసిన కాగితం చాలావరకు ఇక ఎవరి కంటా పడదు.

బడి వేసే ఇంటర్నల్ మార్కులదీ ఇదే జబ్బు. ఏడాది పొడవునా పిల్లవాడి పనిని చూసి నూటికి ఇరవై మార్కులు బడే వేయాలన్న ఆలోచన చాలా మంచిది. చదివి చెప్పడం, ప్రాజెక్టు చేయడం, నలుగురిలో మాట్లాడడం మూడు గంటల పరీక్షలో తేలేవి కావు. ఆచరణలో మాత్రం ఇరవైకి ఇరవై వేయని ప్రైవేటు బడి అరుదైపోయింది. కోవిడ్ ఏడాదుల్లో ఆ గుట్టు రట్టయింది. 2021లో తెలంగాణలో పరీక్షలు రద్దు చేసి బడిలో జరిగిన ఎఫ్.ఎ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులతోనే గ్రేడ్లు ఇస్తే, 5 లక్షల 21 వేల మందిలో 2 లక్షల 10 వేల మందికి పదికి పది జీపీఏ వచ్చింది. రెండేళ్ల ముందు, 2019లో పరీక్ష రాసి అదే పదికి పది తెచ్చుకున్నవాళ్లు పది వేల మంది కూడా లేరు.

ఆంధ్రప్రదేశ్ 2019లోనే ఇంటర్నల్స్ తీసేసింది. తెలంగాణ 2024 నవంబరులో తీసేస్తున్నామని ఉత్తర్వు ఇచ్చి, ఒక్క రోజు గడవకుండానే ఆ ఏడాదికి వద్దంది. అప్పటికి విద్యా సంవత్సరం సగం దాటింది. ఎనభైకి రాయాలో వందకు రాయాలో తెలియక పిల్లలు ఒక రోజంతా తల్లడిల్లారు. తీసేయడమా ఉంచడమా అన్న ఈ వాదనలో మూడో దారిని ఎవరూ తలపెట్టలేదు. ఆ ఇరవై మార్కులు దేనికి వేశారో, ఆ ప్రాజెక్టు పుస్తకమూ ఆ నోట్సూ పేరెంట్స్ మీటింగులో బల్ల మీద పెట్టమనాలి. పక్క మండలం మాస్టార్ల చేత కొన్నింటిని మళ్లీ చూపించాలి. చేయని ప్రాజెక్టుకు ఇరవై వేయడం అప్పుడు అంత తేలిక కాదు.

బడిలో స్లిప్ టెస్టు పెట్టినా మాస్టారు పేపరు దిద్ది పిల్లవాడి చేతికే ఇస్తారు. ఎర్ర సిరా చూసి వాడు తన తప్పు తెలుసుకుంటాడు, కూడిక తప్పితే మాస్టారి దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. పదేళ్ల బడి చదువులో ఈ పద్ధతి ఆగిపోయేది ఒక్క పబ్లిక్ పరీక్షలోనే. లెక్కల మాస్టారికి కూడా తన క్లాసులో పన్నెండు మంది ఎందుకు తప్పారో తెలియదు. బీజగణితం దగ్గర ఆగారా, ప్రశ్నే అర్థం కాలేదా? చేతిలో అంకెలు తప్ప ఏమీ లేకుండా ఆయన సప్లిమెంటరీకి స్పెషల్ క్లాసులు తీసుకోవాలి. 2025లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలతో ఇంగ్లిష్ మీడియంలో తొలిసారి పది రాసిన ఆంధ్రప్రదేశ్ పిల్లల విషయంలో దిద్దిన పేపరు చూడడం మరీ అవసరం. విషయం రాక తప్పారా, భాష రాక తప్పారా అన్నది ఆ పేపర్లే చెప్పగలవు.

తన పేపరు తాను చూసుకోవడం నేను కొత్తగా కోరుతున్న హక్కు కాదు. 2008లో సీబీఎస్‌ఈ పదో తరగతి రాసిన ఒక విద్యార్థి తన జవాబు పత్రం చూపించమని సమాచార హక్కు చట్టం కింద అడిగాడు. బోర్డు కాదంది. ఆదిత్య బందోపాధ్యాయ కేసుగా అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2011 ఆగస్టు 9న జస్టిస్ రవీంద్రన్, జస్టిస్ పట్నాయక్ తీర్పు చెప్పారు. దిద్దిన జవాబు పత్రం ఆ చట్టం ప్రకారం సమాచారమే, రాసినవాడు దాన్ని చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు అన్నారు. దిద్దినవారి పేరు దాచాలన్నారు. మళ్లీ దిద్దించుకునే హక్కును ఈ చట్టం ఇవ్వదనీ చెప్పారు. సీబీఎస్‌ఈ 2025లో క్రమం మార్చింది. ముందు ఫోటోకాపీ తీసుకుని చూసుకోండి, ఆ తర్వాతే రీవాల్యుయేషన్ కావాలో వద్దో నిర్ణయించుకోండి అంటోంది. మన రెండు రాష్ట్రాల్లో చూడడాన్నీ మళ్లీ దిద్దించడాన్నీ ఒకే మూట కట్టి వెయ్యి రూపాయల ధర పెట్టారు. మళ్లీ దిద్దించడానికి ఖర్చవుతుంది, కాదనను. చూడడానికి ఎంతవుతుంది? జవాబు పుస్తకం 24 పేజీలు. సమాచార హక్కు నిబంధనల్లో పేజీకి 2 రూపాయలు. మొత్తం 48.

అందరికీ ఒక్కసారే ఇవ్వడం కష్టమంటే తప్పినవాళ్లతో మొదలుపెట్టవచ్చు. ఫలితాలు వచ్చిన వారంలోగా వాళ్లు తప్పిన సబ్జెక్టు పేపర్లను స్కాన్ చేసి, ఫీజు లేకుండా, హెడ్మాస్టర్ లాగిన్‌కు పంపితే చాలు. హాల్‌టికెట్ నంబరుతో మెమోను ఫోన్‌లోకి పంపగలిగిన ప్రభుత్వాలకు ఇది సాధ్యం కాని పనేమీ కాదు. సబ్జెక్టు మాస్టారు, పిల్లవాడు పక్కపక్కన కూర్చుని చూస్తారు. దిద్దకుండా వదిలేసిన జవాబు కనబడితే మాస్టారే రాసి పంపుతారు, అలాంటిదానికి వెయ్యి కట్టమనకూడదు. కనబడకపోతే ఎక్కడ నుంచి చదవాలో ఇద్దరికీ తెలుస్తుంది. గుట్టలుగా ఫిర్యాదులు వస్తాయని అధికారులు భయపడవచ్చు. మొదటి ఏడాది వస్తాయి. తాను దిద్దిన పేపరు మరో మాస్టారి కంట పడుతుందని తెలిసినప్పుడు దిద్దే పద్ధతీ మారుతుంది, రోజుకు నలభై కుదరదని గట్టిగా చెప్పే ధైర్యం ఉపాధ్యాయ సంఘాలకూ వస్తుంది.

అంతవరకూ తల్లిదండ్రులకు ఒక దారి ఉంది. ప్రభుత్వ పరీక్షల విభాగంలోని పౌర సమాచార అధికారి పేరిట తెల్ల కాగితం మీద, తెలుగులోనే, హాల్‌టికెట్ నంబరూ సబ్జెక్టూ రాసి జవాబు పత్రం నకలు అడగవచ్చు. దరఖాస్తు ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు ఆ రుజువు జతచేస్తే అదీ అక్కర్లేదు. జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. సప్లిమెంటరీ కూడా దాదాపు ఆ నెల రోజుల్లోనే వచ్చేస్తుంది కాబట్టి, ఫలితాలు చూసిన రోజే దరఖాస్తు పోస్టు చేయండి.