గులాబీరంగు రైలుబండి

రైలుబండి అనగానే మీకేం గుర్తొస్తుంది? నల్లటి ఇంజను, పొగ, కూత. అవునా? 1957లో అమెరికాలో లయొనెల్ అనే బొమ్మ రైళ్ళ కంపెనీవారికి ఓ గొప్ప ఆలోచన వచ్చింది. మొగపిల్లలు ఎలాగూ కొంటున్నారు, ఆడపిల్లల చేత కూడా కొనిపించాలి! మంచిదే. అందుకు వారేం చేశారో తెలుసా? ఇంజనుకి గులాబీరంగు పూశారు. సరుకుపెట్టెల్లో ఒకదానికి లేతనీలం, ఒకదానికి లేతపసుపు, ఇంకోదానికి లేత ఊదా. గార్డుపెట్టెకి ఆకాశనీలం. అంతే! అచ్చులు పాతవే, పట్టాలు పాతవే. ధర మాత్రం దాదాపు 50 డాలర్లు.

అది అమ్ముడుపోలేదు. పోదు మరి! రైలు కావాలన్న పిల్లకి రైలులా ఉండే రైలు కావాలి గాని, పుట్టినరోజు కేకులాంటిది ఎందుకండీ?

అసలు తమాషా ఇప్పుడుంది. ఆనాడు ఎవరికీ అక్కర్లేని ఆ రైలు ఈనాడు అపురూపం. పాత బొమ్మ రైళ్ళు సేకరించేవారు పూర్తి సెట్టుకి వేల డాలర్లు పోస్తున్నారు. దాంతో నకిలీలూ పుట్టుకొచ్చాయి. గులాబీ ఇంజను నంబరు 2037. మామూలు నల్ల ఇంజను నంబరూ అదే. నల్లవి బోలెడు దొరుకుతాయి కనుక, ఒకదానికి రంగు పూస్తే సరి! అందుకే తెలిసినవాళ్ళు పైరంగు చూసి మోసపోరు. బండిని తిరగేస్తారు. మూలల్లో, లోపలి అంచుల్లో కింది రంగు తొంగిచూస్తోందా, అక్షరాల అచ్చు చెక్కుచెదరకుండా ఉందా అని భూతద్దం పెట్టి వెతుకుతారు. వాళ్ళని అందరూ నిపుణులంటారు. జరీ అంచు తిరగేసి చూసే మనల్ని మాత్రం చాదస్తులంటారు, అది వేరే సంగతి.

"పోనీలెండి, ఆ రోజుల్లో ఆడపిల్లల్ని తలుచుకోవడమే గొప్ప" అంటారు కొందరు. నేనొప్పుకోను. తలుచుకోవడం వేరు, అడగడం వేరు. "నీకేం కావాలమ్మా?" అని ఒక్క మాట అడిగుంటే ఆ రంగు ఖర్చు మిగిలేది. పెద్దవాళ్ళు తమ ఊహకి రంగు పూసి, అదే పిల్ల కోరిక అనుకున్నారు. పైగా బొమ్మ అమ్ముడుపోకపోతే, "ఆడపిల్లలకి రైళ్ళంటే సరదా లేదు" అనేయడం ఎంత సులువు!

నవ్వుకోకండి. ఇవాళ మన ఊళ్ళ బొమ్మల కొట్లోనూ ఆడపిల్లకని అడిగితే చెయ్యి ముందు గులాబీ అర వైపే వెళుతుంది. గులాబీరంగు మీద నాకేం కోపం లేదు సుమండీ. పిల్ల తనంతట తాను కోరుకుంటే నిక్షేపంలా కొనివ్వండి. కాని ఆ రంగు కింద ఏముందో మాత్రం, ఆ రైళ్ళ నిపుణుల్లాగే, ఒక్కసారి తిరగేసి చూడండి. కింద మన భయమో, మన బద్ధకమో కనిపిస్తే, ఆ డబ్బాని అక్కడే పెట్టేసి పిల్లనే అడగండి.

ఆమె నల్ల ఇంజనే చూపించవచ్చు!