మఫ్లరుకు కర్త అక్కరలేదా?

కిందటి ఉగాది సభలో, భోజనాల దగ్గర, నేనెంతో గౌరవించే ఒక పెద్దాయన నన్ను పలకరించారు. "ఏమ్మా, కథలు మానేసి మఫ్లర్లు అల్లుతున్నావటగా?" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన శ్రీమతి మాత్రం ఆప్యాయంగా నా చేయి పట్టుకుని, "పత్రికలో వచ్చిన నీ డిజైను కాగితాలు స్కాన్ చేసి మా గ్రూపులో పెట్టమ్మా. ముప్ఫై మందిమి ఉన్నాం, అందరం అల్లుకుంటాం" అని అడిగారు.

రెండేళ్ళ కిందట తన కథను ఎవరో పేరు తీసివేసి వేరొకచోట పెట్టుకున్నారని ఇదే పెద్దాయన సుదీర్ఘమైన ఖండన రాశారు. దానిని సమర్థించినవారిలో నేనూ ఒకతెను. ఆనాడు ఆయనకు జరిగిన అన్యాయమూ, ఈనాడు ఆవిడ నన్ను కోరిన సాయమూ ఒకే కోవలోవని ఆ దంపతులకు ఎందుకు తోచలేదన్నదే నా ప్రశ్న. వారిద్దరూ సహృదయులు, చదువుకున్నవారు. కనుక ఇది వ్యక్తుల దోషం కాదు. కథ అనగానే రచయిత ఎవరని అడిగే మనం, అల్లిక అనగానే ఎవరి చేతి పని అని మాత్రమే అడుగుతాం. ఆ అల్లికను ముందుగా ఊహించి, లెక్క కట్టి, కాగితం మీద పెట్టిన బుద్ధి ఒకటుందని మనకు స్ఫురించదు.

"మఫ్లరులో రూపకల్పన ఏముంది? పొడవాటి దీర్ఘచతురస్రమేగా!" అంటారు. కందం చెప్పినవాడే కవి అన్న సామెత పుట్టించిన జాతివారు అనవలసిన మాట కాదిది. చిన్న పద్యమని కందాన్ని ఎవరూ తేలిక చేయలేదు. బేసి గణం జగణం కారాదు, ఆరవది నలమో జగణమో కావాలి. ఆ ఇరుకులోనే భావం నడవాలి. స్కార్ఫు కూడా అటువంటిదే. స్వెట్టరులో లోపం లోపలి వైపు దాగుతుంది. స్కార్ఫుకు లోపలి వైపంటూ లేదు, గాలి వీస్తే రెండు వైపులూ లోకానికి కనబడతాయి. నున్నని సాదా అల్లిక అయితే అంచులు చుట్టుకుపోతాయి. ఆకుల డిజైను ఒక కొస నుంచి మరో కొసకు అల్లుకుపోతే, మెడలో వేసుకున్నప్పుడు ఒక పక్క ఆకులు పైకీ, రెండో పక్క కిందికీ చూస్తాయి. అది నివారించాలంటే రెండు సగాలుగా అల్లి, మెడ వెనుక వచ్చేచోట అతుకు కనబడకుండా కలపాలి.

"స్కార్ఫు కొసలు కలిపితే కౌల్, అంతే కదా" అనేవారికి ఒక చిన్న లెక్క చెబుతాను. పది కుట్లకొకసారి ఆవృత్తమయ్యే డిజైను ఉందనుకోండి. స్కార్ఫులో అది నాలుగుసార్లు వస్తే నలభై కుట్లు, సమతూకానికి ఒకటి, అంచులకు మూడేసి, వెరసి 47. అదే డిజైనును గుండ్రంగా అల్లే కౌల్‌లో పన్నెండుసార్లు వేస్తే సరిగ్గా 120. అంచులూ ఉండవు, సమతూకపు కుట్టూ ఉండదు. వెనుక వైపు నుంచి అల్లే వరుస అనేదే ఉండదు గనుక, అక్కడ పర్ల్ అయినది ఇక్కడ నిట్ అవుతుంది. గడుల పటం ప్రతి వరుసలోనూ కుడి నుంచి ఎడమకే చదవాలి. 10 సెంటీమీటర్లకు 20 కుట్లు పడేలా అల్లేవారికి ఆ 120 కుట్ల చుట్టుకొలత 60 సెంటీమీటర్లు. చేయి బిగువుగా ఉండి 22 పడితే 54.5. తల మీదుగా దిగవలసినది చెవుల దగ్గర ఆగిపోవచ్చు. ఎక్కడో కూర్చున్న, నేనెన్నడూ చూడని పాఠకురాలి చేతి బిగువును ముందుగా ఊహించి హెచ్చరించడం నమూనా రాసేవారి బాధ్యత. ఈ రచనలో తప్పు దొర్లితే చదివినవారు కసురుకుని ఊరుకోరు, వారం రోజుల శ్రమను విప్పుకోవలసి వస్తుంది.

ఇక అందరూ తెచ్చే బలమైన వాదం: "ఈ కుట్లు తరతరాలుగా వస్తున్నవి, ఎవరి సొత్తూ కావు." నిజమే. ఛందస్సూ ఎవరి సొత్తూ కాదు, పద్యానికి మాత్రం కర్త ఉంటాడు. అమెరికా కాపీరైటు చట్టం కూడా అల్లే పద్ధతికి రక్షణ ఇవ్వదు. దానిని వివరించిన రాతకూ పటాలకూ ఇస్తుంది. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999) తాను దేనినీ కొత్తగా కనిపెట్టలేదనీ, మరుగున పడినదాన్ని తవ్వి తీశాననీ చెప్పేది. అంత వినయం గల మనిషే, గుండ్రంగా అల్లమని తాను రాసిన సూచనలను పత్రికవారు విడి ముక్కల పద్ధతికి మార్చివేస్తే సహించలేదు. సొంతంగా లేఖాపత్రిక నడిపింది, 1959లో స్కూల్‌హౌస్ ప్రెస్ స్థాపించింది. కుట్టు అందరిదీ అన్న ఆమెకు, వాక్యం తనదన్న స్పృహ నిండుగా ఉంది.

నా అనుభవమూ చెప్పాలి. ఒక పత్రిక నా కౌల్ నమూనాను సర్వహక్కులతో కొనుక్కుంది. ఆరు వారాల పని, మూడుసార్లు విప్పి అల్లాను. అచ్చులో ఏడవ వరుసలో ఒక కుట్టు జారిపోయింది. హక్కులు వారి దగ్గరకు వెళ్ళాయి, నిందించే ఉత్తరాలు నా దగ్గరకు వచ్చాయి. ఊలు ఖర్చూ తపాలా ఖర్చూ పోను మిగిలినదాన్ని గంటలకు పంచి చూశాను. ఆ లెక్క మళ్ళీ వేయలేదు. ఊలు అమ్మేవారేమో నమూనాను కొసరుగా ఇస్తారు. కొసరుకు ధర కట్టేదెవరు?

ఇది చలిదేశాల గొడవ, మనకెందుకు అనకండి. నరసాపురం లేసు గుర్తు చేసుకోండి. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి తీరానికి చేరిన ఆ క్రోషె పనిని గురించి మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే ప్రచురించింది. ఆమె చూపిన సత్యం సూటియైనది: ఆ స్త్రీలు ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారు చేస్తున్నా, "ఇంట్లో కూర్చుని తీరిక వేళ అల్లుకునే గృహిణులు"గానే లెక్కలోకి వచ్చారు. శ్రామికులుగా గుర్తింపు లేదు గనుక వేతనమూ అలాగే ఉండేది. 2024లో ఆ లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఊరికి పేరు వచ్చింది. ఒక్కొక్క పువ్వునూ ఊహించిన మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు? "తీరిక" అన్న ఆ మాటే నరసాపురంలో కూలి తగ్గించింది, ఉగాది సభలో నన్ను నవ్వులపాలు చేసింది.

నేనేమీ కడిగిన ముత్యాన్ని కాను. సూదులు పట్టిన మొదటి ఏడాది ఎవరెవరి నమూనాలో జిరాక్సు తీసుకుని అల్లాను. ఈనాటికీ నా నమూనాను ముందుగా అల్లి తప్పులు పట్టి ఇచ్చే స్నేహితురాళ్ళకు నేనిస్తున్నది ఒక ఉచిత ప్రతి, ముగింపులో కృతజ్ఞతా వాక్యం మాత్రమే. నా మీద జరిగినదాన్ని అన్యాయమంటే, దీనికీ ఆ పేరే పెట్టాలి. తరువాతి నమూనా నుంచి వారికి పారితోషికం ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. అది వెలలో కలుస్తుంది, వెల పెరుగుతుంది.

ఆ ఇల్లాలికి స్కాన్ పంపలేదు. ఆ నమూనా పంచే హక్కు ఇప్పుడు నాకే లేదు. పత్రిక వివరాలు పంపి, కొనుక్కోమన్నాను. అమ్ముడుపోని మరో స్కార్ఫు నమూనా నా దగ్గరే ఉంది. ప్రతి ఒక్కింటికి అయిదు డాలర్లని కూడా రాశాను. పది రోజులైంది, జవాబు లేదు. ఆవిడ నొచ్చుకుని ఉండవచ్చు. అందుకు బాధగానే ఉంది. అయినా అడిగినది తిరిగి తీసుకోను.