డిస్క్ నిండితే... పెంచేయడమేనా?

‘ప్రొడక్షన్ సర్వర్‌లో డిస్క్ 100 శాతం నిండింది. ఏం చేస్తారు?’

లైనక్స్ అడ్మిన్, డెవాప్స్, క్లౌడ్ సపోర్ట్... ఏ ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లినా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. చాలామంది ఫ్రెషర్లు తడుముకోకుండా చెప్పేస్తారు: ‘కొత్త డిస్క్ యాడ్ చేసి ఎల్‌వీఎక్స్‌టెండ్ కమాండ్ కొడతాను సార్.’ కమాండ్ కరెక్టే. కోర్సు నోట్సులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పారు. అప్పుడు అవతలి నుంచి రెండో ప్రశ్న వస్తుంది: ‘అది సరే, అసలు ఎందుకు నిండింది?’ చాలామంది ఆగిపోయేది అక్కడే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. యూనిక్స్ సర్వర్‌లో ఫైల్ సిస్టమ్ సైజు పెంచడం అయిదు నిమిషాల పని. పెంచాలా వద్దా, ఏ పొరలో పెంచాలి, పెంచాక వెనక్కి తీసుకోగలమా అని తేల్చుకోవడమే అసలు ఉద్యోగం. కంపెనీ జీతం ఇచ్చేది దీనికే. మనం మాత్రం మొదటిదే నేర్చుకుని, రెండోది అనుభవంతో అదే వస్తుందిలే అనుకుంటున్నాం.

స్థలం కొన్నంత మాత్రాన గది పెరగదు

ముందు ఈ పొరలేంటో చూద్దాం. ఇంటి పక్కన ఖాళీ స్థలం కొన్నారనుకోండి. రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇంటికొచ్చి చూస్తే పడకగది పెద్దదైపోయి ఉంటుందా? ఉండదు. పాత ప్రహరీ జరపాలి, గది గోడ జరపాలి, ఆ కొత్త జాగాలో అలమరలు వేయాలి. అప్పుడు గానీ సామాను పెట్టుకోలేం.

సర్వర్‌లోనూ అంతే. డిస్క్ అంటే కొన్న స్థలం. దాని మీద పార్టిషన్ అంటే ప్రహరీ. లాజికల్ వాల్యూమ్ మేనేజర్, అంటే ఎల్‌వీఎం వాడుతుంటే లాజికల్ వాల్యూమ్ అనేది గది గోడ. ఫైళ్లు ఎక్కడున్నాయో లెక్క రాసుకునే ఫైల్ సిస్టమ్ అలమర. ఒక్కో పొరకూ ఒక్కో కమాండ్ ఉంటుంది. డిస్క్ పెరిగిందో లేదో ఎల్‌ఎస్‌బీఎల్‌కే చూపిస్తుంది. పార్టిషన్‌ను గ్రోపార్ట్ పెంచుతుంది. ఆ పెరిగిన సంగతి ఎల్‌వీఎంకు పీవీరీసైజ్ చెబుతుంది. అదే విడిగా కొత్త డిస్క్ తగిలించి ఉంటే పీవీక్రియేట్, వీజీఎక్స్‌టెండ్ వాడాలి. తర్వాత ఎల్‌వీఎక్స్‌టెండ్. చివరగా ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4 అయితే రీసైజ్2ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్.

కమాండ్లు మాత్రమే బట్టీ పట్టినవాళ్లు ఎక్కడ తడబడతారో చూడండి. ఎల్‌వీఎక్స్‌టెండ్‌తో 10 జీబీ కలుపుతారు. డీఎఫ్ కొట్టి చూస్తే సైజు మారలేదు. పని జరగలేదనుకుని మళ్లీ కొడతారు. ఇంకో 10 జీబీ వెళ్లిపోతుంది. మూడోసారి కూడా కొడతారు. నిజానికి మొదటిసారే గోడ జరిగింది, అలమర మాత్రం వేయలేదు. పొరల బొమ్మ బుర్రలో ఉన్నవాళ్లకు ఈ అయోమయం ఉండదు. అదే కమాండ్‌కు -ఆర్ అనే ఆప్షన్ ఇస్తే ఫైల్ సిస్టమ్ కూడా కలిసే పెరుగుతుందని వాళ్లకు తెలుసు. ఐబీఎం వారి ఏఐఎక్స్‌లో అయితే సీహెచ్‌ఎఫ్‌ఎస్ అనే ఒక్క కమాండ్ ఈ రెండు పనులూ చేసేస్తుంది. 2005లో ఓపెన్‌సొలారిస్‌తో బయటికొచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఈ గోడలే లేవు. ఒక పెద్ద పూల్ నుంచి అన్ని ఫైల్ సిస్టమ్‌లూ కావాల్సినంత తీసుకుంటాయి. కమాండ్ పేర్లు మారుతుంటాయి. పొరల లెక్క తెలిస్తే ఏ సిస్టమ్ ముందు కూర్చోబెట్టినా దారి దొరుకుతుంది.

నిండింది ఏమిటి?

‘డిస్క్ నిండింది’ అనే ఒక్క మాట వెనక కనీసం నాలుగు వేర్వేరు కథలు ఉండొచ్చు.

మొదటిది, నిజంగానే డేటా పెరగడం. వ్యాపారం పెరిగింది, ఫైళ్లు పెరిగాయి. ఇక్కడ పెంచడం న్యాయమే.

రెండోది, ఫైల్ తీసేసినా జాగా తిరిగి రాకపోవడం. 40 జీబీ లాగ్ ఫైల్‌ను డిలీట్ చేశారు. డీయూతో లెక్కేస్తే ఆ ఫైల్ లేదు. డీఎఫ్ మాత్రం ఇంకా 100 శాతమే అంటోంది. కారణం ఏంటంటే, ఆ ఫైల్‌ను ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచే ఉంచింది. యూనిక్స్‌లో డిలీట్ అంటే పేరు మాత్రమే పోతుంది. తెరిచిన ప్రోగ్రామ్ వదిలేదాకా బ్లాకులు ఖాళీ కావు. ఆ ప్రోగ్రామ్ ఏదో ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో పట్టుకుని రీస్టార్ట్ చేస్తే 40 జీబీ వెనక్కి వస్తుంది. కొత్త డిస్క్ అక్కర్లేదు.

మూడోది, ఐనోడ్లు అయిపోవడం. ప్రతి ఫైల్‌కూ ఒక ఐనోడ్ కావాలి. ఎక్స్‌టీ4లో ఎన్ని ఐనోడ్లుండాలో ఫైల్ సిస్టమ్‌ను సృష్టించేటప్పుడే లెక్క కట్టేస్తారు. చిన్న చిన్న సెషన్ ఫైళ్లు లక్షల్లో పోగుపడితే జీబీలకు జీబీలు ఖాళీ కనిపిస్తుంటుంది గానీ, కొత్త ఫైల్ రాయబోతే ‘జాగా లేదు’ అనే ఎర్రర్ వస్తుంది. డీఎఫ్ -ఐ కొడితే గుట్టు తెలిసిపోతుంది.

నాలుగోది, రిజర్వ్ చేసిన జాగా. ఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం బ్లాకులను రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. 500 జీబీ డిస్క్‌లో అది 25 జీబీ. సిస్టమ్ ఊపిరాడకుండా పోకూడదని రూట్ డిస్క్‌కు అది అవసరమే. కేవలం బ్యాకప్ ఫైళ్లు దాచే డిస్క్‌కు అంత అక్కర్లేదు. ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో తగ్గించుకోవచ్చు.

ఈ నాలుగింటిలో ‘పెంచడం’ అనేది సరైన మందు అయ్యేది మొదటిదానికే. మిగతా వాటిలో పెంచితే జబ్బు అలాగే ఉండి బిల్లు పెరుగుతుంది. రోజుకు 2 జీబీ చొప్పున అదుపు లేకుండా పెరిగే లాగ్‌కు 20 జీబీ కలిపితే మీరు కొనుక్కున్నది పది రోజులు మాత్రమే. పదకొండో రోజు అదే అలర్ట్. అదీ ఏ అర్ధరాత్రో.

పెంచడం సులువు, తగ్గించడం?

కోర్సుల్లో పెద్దగా చెప్పని సంగతి ఇంకోటుంది. ఈ పనికి చాలా చోట్ల వెనక్కి దారి లేదు. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7 నుంచి ఆ సిస్టమ్‌లో ఎక్స్‌ఎఫ్‌ఎస్సే డిఫాల్ట్. దాన్ని సర్వర్ నడుస్తుండగానే హాయిగా పెంచొచ్చు. తగ్గించాలంటే మాత్రం బ్యాకప్ తీసి, కొత్తగా ఫైల్ సిస్టమ్ సృష్టించి, డేటా అంతా తిరిగి పోయాల్సిందే. ఎక్స్‌టీ4ను తగ్గించొచ్చు గానీ, అన్‌మౌంట్ చేయాలి. అంటే సర్వీస్ ఆపాలి. అమెజాన్ క్లౌడ్‌లోని ఈబీఎస్ వాల్యూమ్‌నైతే పెంచడమే ఉంది, తగ్గించడం లేదు. అవసరం లేకపోయినా 100 జీబీని 500 జీబీ చేసేస్తే, ఎవరో ఒకరు పూనుకుని డేటాను చిన్న వాల్యూమ్‌లోకి మార్చేదాకా నెలనెలా ఆ బిల్లు కడుతూనే ఉండాలి.

పోనీ పెంచొద్దు, తుడిచేద్దాం అంటారా? అక్కడా తెలివి కావాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పీజీ ఎక్స్‌లాగ్ అనే డైరెక్టరీ ఉండేది. డేటాబేస్ ప్రతి మార్పునూ ముందు రాసుకునే చోటు అది. పేరులో ‘లాగ్’ అని ఉంది కదా, పనికిరాని లాగ్ ఫైళ్లేమో అనుకుని కొందరు తుడిచేశారు. డేటా మళ్లీ తిరిగి రాకుండా పోయింది. అందుకే 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 10వ వెర్షన్‌లో ఆ డైరెక్టరీ పేరునే పీజీ వాల్ అని మార్చారు. ఇలాంటి పొరపాట్లు తగ్గాలనే మార్చామని రిలీజ్ నోట్సులోనే రాశారు. ప్రపంచమంతా వాడే డేటాబేస్ తన డైరెక్టరీ పేరు మార్చుకోవాల్సి వచ్చిందంటే, డిస్క్ నిండిందన్న కంగారులో మనుషులు ఎలాంటి పనులు చేస్తారో ఊహించుకోండి.

క్లౌడ్ ఉంది, ఏఐ ఉంది కదా?

ఈ మాట నాతో చాలామంది అంటుంటారు. ‘అన్నా, ఇప్పుడంతా క్లౌడ్. ఇదంతా పాతకాలం చదువు.’ ఒక్కసారి ప్రాక్టికల్‌గా చేసి చూడండి. క్లౌడ్ కన్సోల్‌లో వాల్యూమ్ సైజు పెంచితే పెరిగేది స్థలం మాత్రమే. లోపల పార్టిషన్, ఫైల్ సిస్టమ్ ఎప్పటిలాగే ఉంటాయి. లాగిన్ అయి మిగతా పొరలు మీరే పెంచాలి. పూర్తిగా క్లౌడే చూసుకునే మేనేజ్డ్ డేటాబేస్‌లు ఉన్నాయి నిజమే. వాటిలో ఆటోస్కేలింగ్ పెట్టుకోవచ్చు. అది కూడా ‘ఎందుకు నిండుతోంది’ అని అడగదు. పెంచుకుంటూ పోతుంది.

ఏఐ సంగతీ అంతే. కమాండ్ అడిగితే క్షణంలో రాసిస్తుంది. మంచిదే, నేనూ వాడతాను. కానీ మీ సర్వర్‌లో ఏ ఫైల్ సిస్టమ్ ఉందో, ఆ డిస్క్ మీద ఏ డేటాబేస్ నడుస్తోందో, నిన్నటి బ్యాకప్ పనిచేసిందో లేదో మీరు చెబితేనే దానికి తెలుస్తుంది. ఏం చెప్పాలో తెలియాలంటే ముందు మీకు విషయం తెలియాలి. పైగా అది ఇచ్చిన పీవీక్రియేట్ కమాండ్‌లో డిస్క్ పేరు తప్పు పడితే, ఎంటర్ కొట్టిన వేలు మీదే. కమాండ్లు గుర్తుపెట్టుకోవడం ఇప్పుడు ప్రత్యేకమైన నైపుణ్యమే కాదు. కాబట్టి కమాండ్లు మాత్రమే తెలిసినవాళ్లకు ముందు ముందు ఇంకా కష్టం.

ల్యాబ్‌లో డిస్క్ నింపనివ్వండి

ఇందులో తప్పంతా విద్యార్థులదే అనను. చాలా కాలేజీల ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో షెడ్యూలింగ్ అల్గారిదమ్‌లకు, బ్యాంకర్స్ అల్గారిదమ్‌కు సి ప్రోగ్రామ్‌లు రాయిస్తారు. రికార్డు పూర్తవుతుంది, వైవా అయిపోతుంది. ఐనోడ్ నిర్వచనం పరీక్షలో రెండు మార్కులకు వస్తుంది. ఐనోడ్లు అయిపోయిన సిస్టమ్ ఎలా ఉంటుందో మాత్రం నాలుగేళ్లలో ఒక్కసారీ చూపించరు. కోచింగ్ సెంటర్లకు వెళ్తే అన్నీ సజావుగా నడిచే డెమోలే. ఏదీ చెడిపోదు కాబట్టి బాగుచేయడం ఎవరికీ రాదు.

కాలేజీ మారేదాకా ఆగక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్, ఏదో ఒక లైనక్స్... ఇవి చాలు. వర్చువల్ మెషీన్‌కు 1 జీబీ డిస్క్ ఒకటి అదనంగా తగిలించి, దాని మీద ఎల్‌వీఎం, ఎక్స్‌టీ4 వేయండి. ఇక దాన్ని కావాలని పాడుచేయండి. పెద్ద ఫైల్‌తో నింపండి. ఆ ఫైల్‌ను ఒక టెర్మినల్‌లో టెయిల్ -ఎఫ్‌తో తెరిచి ఉంచి, ఇంకో టెర్మినల్‌లో డిలీట్ చేసి, డీఎఫ్, డీయూ లెక్కలు ఎందుకు కలవడం లేదో చూడండి. చిన్న లూప్ రాసి ఖాళీ ఫైళ్లను వేలకు వేలు సృష్టించి ఐనోడ్లు అయిపోయేలా చేయండి. తర్వాత ఇంకో డిస్క్ కలిపి ఒక్కో పొర పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఎల్‌ఎస్‌బీఎల్, వీజీఎస్, డీఎఫ్ ఏం చెబుతున్నాయో కాగితం మీద రాసుకోండి. ఒక శని, ఆదివారాల పని ఇది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌తో మరోసారి చేయండి. తగ్గించబోయి చూడండి, ఏం జరుగుతుందో మీకే తెలుస్తుంది.

ఇది చిన్న పని, పాత పని అని చులకన చేయొద్దు. 1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ ఇంకా రూపుదిద్దుకుంటున్నప్పుడే మొదటి డిస్క్ చాలక, కొన్ని ప్రోగ్రామ్‌లను యూజర్ల ఫైళ్లుండే రెండో డిస్క్‌లోకి జరపాల్సి వచ్చింది. నేటికీ ప్రతి లైనక్స్ సర్వర్‌లో కనిపించే యూఎస్ఆర్ డైరెక్టరీలో ప్రోగ్రామ్‌లు ఉండటం వెనక ఆ ఇరుకు ఉంది. డిస్కులు లక్షల రెట్లు పెరిగాయి. నిండడం మాత్రం ఆగలేదు, ఆగదు కూడా. ఈ పని చేసేవాళ్ల అవసరమూ పోదు.

కాబట్టి ఈసారి ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే కమాండ్‌తో మొదలుపెట్టకండి. ‘ముందు డీఎఫ్‌తో ఏ ఫైల్ సిస్టమ్ నిండిందో, ఐనోడ్లా బ్లాకులా అన్నది చూస్తాను. డీయూతో పోల్చి, ఏది ఎంత వేగంగా పెరుగుతోందో తెలుసుకుంటాను. డేటాబేస్ ఫైళ్లయితే చేయి పెట్టను, సంబంధిత టీమ్‌ను అడుగుతాను. నిజంగా అవసరమైతే బ్యాకప్ ఉందని నిర్ధారించుకుని, ఏ ఫైల్ సిస్టమో చూసి, పొరల వారీగా పెంచుతాను. మళ్లీ ఎన్నాళ్లకు నిండుతుందో కూడా లెక్కేసి చెప్తాను’ అనండి. ఇది చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. ఇంట్లో ఒక్కసారైనా డిస్క్ నింపి బాగుచేసినవాళ్లు ఆ తర్వాత వచ్చే ఏ ప్రశ్నకైనా తడుముకోరు.