సీసాలోని జెన్

సంస్కృతములోని 'ధ్యానము' చీనాలో 'చాన్' అయి, జపానులో 'జెన్' అయినది. 1964లో టోకియోలోని షిసేడో సంస్థ ఆ పేరునే ఒక పూల సెంటునకు పెట్టి విదేశములకు పంపినది. నల్లని సీసాపై బంగారు పూలు, ఆకులు జపాను లక్కపనిని తలపించును. లోపల మాత్రము పాశ్చాత్య పద్ధతిని మద్యసారములో కలిపిన పరిమళము.

ధ్యానము పేరును అలంకార వస్తువునకు తగిలించుట అపచారమని కొందరనవచ్చును. అది తొందరపాటు. జపానీయుల ధూపగోష్ఠిలో సుగంధమును చూతురనరు, 'విందురు' అందురు. బూడిదలో కప్పిన నిప్పుపై అభ్రకపు రేకు నుంచి, దానిపై చిటికెడు అగరుచెక్క వేడిచేసి, మౌనముగా విందురు. పరిమళము వారికి ఏకాగ్రతకు తోడు. కనుక ఆ పేరు సెంటునకు పరాయిది కాదు.

అభ్యంతరము వేరొకటి కలదు. ధూపపు గిన్నె గోష్ఠిలో ఒకరి చేతినుండి ఒకరి చేతికి సాగును. పేరుతోపాటు ఆ పంచుకొనుట సీసాలోనికి రాలేదు.